షార్లెట్ అమాలీలో అమ్మ బేరం

కరీబియన్‌లో సెయింట్ థామస్ దీవికి వెళ్లి, షార్లెట్ అమాలీ రేవులో విహార ఓడ దిగితే ముందు నగల కొట్లే ఎదురొస్తాయి. బీచ్‌లూ, కొండ మీద పాత బురుజులూ ఆ తర్వాతే. హావెన్‌సైట్ డాక్‌ని ఆనుకునే ఒక మాల్ ఉంది. అక్కడ తప్పించుకున్నా, సఫారీ టాక్సీ ఎక్కితే తీసుకెళ్లి దింపేది మెయిన్ స్ట్రీట్‌లో. సఫారీ టాక్సీ అంటే ట్రక్కు వెనక బెంచీలు బిగించి పైన కప్పు వేసిన బండి. పక్కలకి అద్దాలుండవు, గాలి దండిగా వస్తుంది. ఇక్కడ అమెరికా కార్లే, స్టీరింగ్ ఎడమ పక్కే, కానీ రోడ్డు మీద నడిచేది కూడా ఎడమ పక్కనే. "హమ్మయ్య, ఇన్నాళ్లకి మన వైపు నడిపే ఊరొచ్చింది," అంది అమ్మ.

సెయింట్ థామస్ 1917 దాకా డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది. రెండున్నర కోట్ల డాలర్లు బంగారం రూపంలో చెల్లించి, ఇది కూడా ఉన్న ఈ వర్జిన్ దీవుల్ని అమెరికా కొనుక్కుంది. మెయిన్ స్ట్రీట్‌కి బోర్డు మీద ఇప్పటికీ డేనిష్ పేరే, డ్రోనింగెన్స్ గాడె. ఒకప్పుడు రేవు సరుకు దాచుకున్న రాతి గోదాములు వరసగా ఉంటాయి. గోడలు చూస్తే మూరెడు మందం, తలుపులు ఇనుప రేకులు. ఇప్పుడు వాటి నిండా నగలు. తలుపు తీసి ఉంచి ఏసీ చల్లదనాన్ని వీధిలోకి వదులుతుంటారు. ఎండలో నడిచేవాళ్లకి అదే పెద్ద ఎర.

మేం డాలస్ నుంచి వెళ్లాం. నేను, మా ఆయన, మా అమ్మాయి, బందరు నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మ. బందరు అన్నాను కదా, ఇంకొక్క మాట చెప్పాలి. అమ్మ పుట్టిల్లు చిలకలపూడి. రోల్డ్ గోల్డ్ నగలకి పేరున్న చోటు. వాళ్ల మేనమామ ఇంట్లో అదే పని. రాళ్లు పొదిగేటప్పుడు పళ్లెం పట్టుకుని కూర్చోవడం, కింద పడిన పూసలు ఏరడం అమ్మ చిన్ననాటి ఆటలు. కాబట్టి నగల విషయంలో ఆవిడని ఎవరూ తేలిగ్గా బోల్తా కొట్టించలేరు.

అసలు ఈ నగల గొడవ ఓడ మీదే మొదలైంది. తీరం వదిలిన మర్నాడు, చుట్టూ నీళ్లు తప్ప ఇంకేం లేని రోజున, ఓడ థియేటర్‌లో 'పోర్ట్ షాపింగ్' మీద ఉపన్యాసం పెట్టారు. ఊరి గురించి చెబుతారేమో అనుకుని వెళ్లాం. చరిత్ర రెండు నిమిషాల్లో ముగిసింది. మిగతాదంతా ఏ కొట్లో ఏ రాయి, ఏ కూపన్ చూపిస్తే ఏం ఉచితం. చెప్పే అమ్మాయికి మంచి వాక్చాతుర్యం ఉంది. ఆమె వేలికున్న ఉంగరం వెనక తెర మీద ఇంత పెద్దదిగా కనిపిస్తోంది. బయటికొచ్చేటప్పుడు అందరికీ తలా ఒక మ్యాప్. అందులో వీధులకన్నా కొట్ల పేర్లే పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. అడుగున చిన్న అక్షరాల్లో, ఈ కొట్లు ప్రచారం కోసం డబ్బు చెల్లించాయని రాసుంది. అది రాయడం వాళ్ల నిజాయితీయే. కాకపోతే అమ్మకి కళ్లజోడు పెట్టుకున్నా ఆనని సైజులో రాశారు.

ఉచితం అంటే ఒక చోట చేతికి గొలుసు, మిగతా చోట్ల దానికి తగిలించుకునే బుల్లి బిళ్లలు, ఊరికొకటి. బిళ్ల కోసం కొట్లోకి వెళ్లాలి, లోపలి దాకా వెళ్లాలి, ఎందుకంటే బిళ్లలిచ్చే కౌంటర్ ఎప్పుడూ చిట్టచివర ఉంటుంది. మా అమ్మాయి అన్నీ పోగేసింది. ఖర్చు లేకుండా పిల్లకి బాగానే కాలక్షేపం అయింది.

ఆ సాయంత్రమే ఓడలో స్విమ్మింగ్ పూల్ పక్కన బల్లలు వేసి, చుట్టలు చుట్టిన గొలుసులు అంగుళాల లెక్కన అమ్మారు. మెడ కొలత తీసుకుని, కత్తిరించి, కొక్కెం వేసి ఇస్తారు. జనం ఎగబడ్డారు. అమ్మ ఒక గొలుసు అందుకుని, కత్తిరించిన కొసని గోటితో గీరి, వెలుతురుకి పట్టి చూసింది. "ఇది మన చిలకలపూడి సరుకేనే. పైన పూత అంతే," అంది. నిజానికి బోర్డు మీద కూడా పూత అనే అర్థం వచ్చే మాటే రాశారు, కొనేవాళ్లకి దాని మీద చూపు లేదు. పనితనం మాత్రం మన వాళ్లదే నయమని ఆవిడ తీర్పు.

దారిలో సెయింట్ మార్టెన్ దీవిలో ఫిలిప్స్‌బర్గ్ వచ్చింది. అక్కడ ఫ్రంట్ స్ట్రీట్ నిండా లారిమార్. లేత నీలంలో తెల్లటి చారలు తిరిగి, లోతు తక్కువ సముద్రంలా ఉండే రాయి. ప్రపంచం మొత్తం మీద డొమినికన్ రిపబ్లిక్‌లో, బరహోనా దగ్గరి కొండల్లోనే దొరుకుతుంది. వెండిలో కూర్చి అమ్ముతారు. గట్టితనం తక్కువ, పదికి ఐదు దాకానే, రోజూ పెట్టుకునే ఉంగరానికి అంతగా పనికిరాదు. మా అమ్మాయి ఒక లాకెట్ ఇష్టపడింది. కొన్నాం, పది నిమిషాల పని.

మెయిన్ స్ట్రీట్‌లో మాత్రం పది నిమిషాల్లో తేలలేదు. అక్కడ ఏ కిటికీలో చూసినా టాంజనైట్ అనే నీలి రాయే. మేం వెళ్లిన కొట్లో యజమాని మమ్మల్ని చూడగానే హిందీ అందుకున్నాడు. కరీబియన్ రేవుల్లో నగల వ్యాపారం చేసేవాళ్లలో సింధీలు చాలామంది. "మాదీ హైదరాబాదే," అన్నాడాయన. అమ్మ ముఖం వికసించింది. ఏ పేట అని అడగబోతే, ఆయన చెప్పింది సింధు నది ఒడ్డున ఉన్న హైదరాబాదు అని తేలింది. దేశవిభజనకి ముందు నుంచే అక్కడి వర్తకులు రేవు రేవుకీ కొట్లు పెట్టుకుంటూ వెళ్లారట. హైదరాబాదు వేరైనా చుట్టరికం ఎక్కడికీ పోలేదు, టీ తెప్పించాడు. అమ్మ చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష దాకా కట్టింది. ఆ పుస్తకాల హిందీని ఇన్నేళ్లకి బయటికి తీసి బేరానికి దిగింది.

ఆయన చూపించిన ఉంగరంలో రెండు క్యారెట్ల రాయి, చుట్టూ చిన్న వజ్రాలు. అమ్మకి నచ్చింది, అయినా చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీలం కాదు కదా? జాతకం చూపించకుండా నీలం పెట్టుకోకూడదు," అని నా చెవిలో అంది. నీలం శని రాయి, అందరికీ పడదని మన ఇళ్లలో ఉన్న నమ్మకమే. ఇది నీలం కాదని చెప్పాను. ఖనిజం పేరు జోయిసైట్. 1967లో టాంజానియాలో, అరుషా పట్టణానికి దగ్గర్లోని మెరెలాని కొండల్లో బయటపడింది. మరుసటి ఏడు టిఫనీ కంపెనీ వాళ్లు దానికి టాంజనైట్ అని పేరు పెట్టి అమెరికాలో ప్రచారం చేశారు. అమ్మ కంటే వయసులో చిన్న రాయి. నవగ్రహాల్లో ఎవరి వాటాకీ రాలేదు. ఆ మాటతో ఆవిడకి టెన్షన్ పోయింది, ఉంగరం వేలికి పెట్టుకుంది.

పెట్టుకుని కుర్చీలోంచి లేచి వీధి గుమ్మం దాకా నడిచింది. సేల్స్ కుర్రాడు కంగారుగా వెనకాలే వెళ్లాడు. లోపల పసుపు దీపాల కింద రాయి వంకాయ రంగులో మెరిసింది. గుమ్మంలో పగటి వెలుగు పడగానే నెమలికంఠం నీలానికి తిరిగింది. వేలు పక్కకి వంచితే ఊదా మళ్లీ తొంగిచూసింది. ఈ రాయి గుణమే అంత, చూసే దిక్కుని బట్టీ, దీపాన్ని బట్టీ రంగు మారుతుంది. తవ్వినప్పుడు చాలామటుకు గోధుమ రంగులో ఉంటుంది. సుమారు 500, 600 డిగ్రీల దగ్గర కాలిస్తే ఈ నీలం వస్తుంది. ఆ రంగు స్థిరంగా ఉంటుంది, అందులో మోసం లేదు. యజమాని కూడా అడగ్గానే ఒప్పుకున్నాడు. కాని ఉపన్యాసంలో ఆ ఊసే రాలేదు.

చీటీ మీద ధర 4,800 డాలర్లు. టీ తాగేలోపు 2,900 అయింది. 'నాలుగు ఏ'ల (AAAA) రకం, అంటే మేలిరకం అన్నాడు. ఈ ఏల లెక్కకి ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, ఎవరి కొట్లో వాళ్లవే. ఆ తర్వాత, గని ఒక్కటే ఉంది, కొన్నాళ్లకి అయిపోతుంది, మీ మనవరాలి కాలానికి అసలు దొరకదు, పెట్టుబడి అనుకోండి అన్నాడు. అప్పటిదాకా ఫోన్‌లో తల దూర్చి కూర్చున్న మా ఆయన, 2020లో సనినియు లైజర్ అనే చిన్న గని యజమానికి దొరికిన రెండు టాంజనైట్ రాళ్లు కలిపి పదిహేను కిలోలట, ప్రభుత్వం ముప్పై లక్షల డాలర్లకి పైనే ఇచ్చి కొన్నదట అని చదివి వినిపించాడు. "కిలోల్లోనా!" అంది అమ్మ. ఆ ఒక్క మాటకి రేటు 2,400కి దిగింది.

అప్పుడు అడిగింది అమ్మ అసలు ప్రశ్న. "రాయి ఎంత, బంగారం ఎంత, మజూరీ ఎంత, విడివిడిగా చెప్పండి." మనకిది మామూలే. బందరులో ఏ కొట్టుకెళ్లినా నగ మొత్తం తూచి, రాళ్ల బరువు తీసేసి, బంగారం ఒక వరసలో, తరుగూ మజూరీ ఒక వరసలో, రాళ్లు ఇంకో వరసలో రాస్తారు. ఇక్కడ మొత్తం కలిపి ఒకే ధర. సేల్స్ కుర్రాడు నవ్వాడు. యజమాని నవ్వలేదు, కాలిక్యులేటర్ తీశాడు. ఉంగరం మూడు గ్రాములు. పద్నాలుగు క్యారెట్ల బంగారం కాబట్టి అందులో అసలు బంగారం రెండు గ్రాముల లోపే. చుట్టూ ఉన్నవి రవ్వ వజ్రాలు, వాటికి పెద్ద విలువ లేదు. అవి తీసేస్తే మిగతాదంతా ఆ ఒక్క రాయి మీద పడింది. క్యారెట్ ఎంతకి పడుతోందో కాగితం మీద కనిపించేసరికి ఆయనకే ఇబ్బందనిపించిందేమో, "రాయి ఎక్కడ సానపట్టారు?" అని నేనడిగితే దాపరికం లేకుండా జైపూర్ అన్నాడు. టాంజానియాలో తవ్విన రాయిలో చాలా భాగం సానకి వెళ్లేది జైపూర్‌కే. "అక్కణ్ణించి రైలెక్కితే మన ఇంటికొచ్చేది," అని అమ్మ ఉంగరం తీసి పళ్లెంలో పెట్టేసింది.

ఓడ వాళ్ల ధైర్యమంతా గడియారం మీదే. నాలుగున్నరకల్లా మెట్లెక్కాలి, మళ్లీ రారు, ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తామనే మాట చెల్లదు. ఆ తొందరలో చాలామంది కార్డు గీసేస్తారు. అమ్మ ఆ రోజు పొద్దున్నే ఇడ్లీ దొరకలేదని చిరాగ్గా ఉంది తప్ప, గడియారం కేసి చూడనేలేదు. మేం లేచి బయటికొచ్చాం. పక్క కొట్లో ఇంకో ఉంగరం చూశాం. దానికి వివరంగా చెప్పేవాళ్లు లేరు. చివరికి మళ్లీ సింధీ ఆయన దగ్గరికే వెళ్లాం, ఉంగరం కోసం కాదు, దిద్దుల కోసం.

ఆ మార్పు నా సలహా. టాంజనైట్ గట్టితనం ఆరున్నర, అటూ ఇటూగా. నీలం, కెంపు తొమ్మిది. అమ్మ ఉంగరాలు తీయకుండానే గిన్నెలు తోముతుంది, రుబ్బురోలు కడుగుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ రాయి అంచులు అరిగిపోయేవి. చెవులకైతే దెబ్బ తగలదు. వేడినీళ్లలోనో, నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలోనో వేయకపోతే చాలు. ఒక్కో క్యారెట్ రాళ్లు, వజ్రాల హంగులేవీ లేవు, నాలుగు కొక్కేలతో పట్టిన సాదా దిద్దులు. అమ్మ లెన్స్ అడిగి తీసుకుని రెండు రాళ్లనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. రంగు జత కుదరని ఒక జతని వెనక్కిచ్చేసింది. రెండో జత 720 డాలర్ల దగ్గర తెగింది. వెనక నొక్కే బిళ్లలు బదులు తిప్పే శీలలు వేయించమంది. విడిగా అవి లేవని చెప్పి, ఇంకో జతలోవి ఊడదీసి వేశాడు. ఉచిత బిళ్ల కూడా ఇచ్చాడు.

అమెరికాలో ఉండేవాళ్లకి వర్జిన్ దీవుల నుంచి తిరిగొచ్చేటప్పుడు మనిషికి 1,600 డాలర్ల దాకా సుంకం ఉండదు, అందులో వేరే దీవుల్లో కొన్నవి 800 దాటకూడదు. మావి ఆ హద్దుకి చాలా లోపే ఉన్నాయి. రసీదులు చేతిలో పట్టుకుని దిగాం, ఏం అడగలేదు. కొట్టు వాళ్లు దిద్దులతో పాటు మందపాటి కాగితం మీద ఒక విలువ పత్రం కూడా ఇచ్చారు. అందులో 2,200 డాలర్లని ఉంది. డాలస్‌లో నగల అమ్మకంతో సంబంధం లేని వాల్యుయర్‌కి ఫీజు కట్టి చూపించాం. రాళ్లు నిజమైన టాంజనైటే, కాల్చినవే, జత బాగుంది అన్నాడు. ఆయన వేసిన విలువ మేం ఇచ్చినదానికి ఓ యాభై డాలర్లు ఎక్కువ. కొట్టు వాడిచ్చిన పత్రం చూసి ఏమీ అనలేదు, మడిచి తిరిగిచ్చాడు.

అమ్మ బందరు వెళ్లిన వారానికి ఫోన్ చేసింది. పెళ్లిలో దిద్దులు చూసి పెద్దమ్మ తనకూ అలాంటివే కావాలందిట. "ఓడ ఎక్కే ఓపిక దానికి లేదు కానీ, జైపూర్‌లో విడి రాళ్లు క్యారెట్ ఎంతో కనుక్కోవే. బంగారం మన ఆచారి చూసుకుంటాడు," అంది.