రికార్డు చేయని పాఠం

ఎడ్మంటన్‌లో నా ఉద్యోగం నర్సింగ్ విద్యార్థులకు ఆన్‌లైన్ పాఠాలు రూపొందించడం. ఆదివాసీ పిల్లలను కుటుంబాల నుంచి విడదీసి ఉంచిన రెసిడెన్షియల్ స్కూళ్ల మీద విచారణ జరిపిన కెనడా సత్య, సయోధ్య కమిషన్ 2015లో ఇచ్చిన 94 కార్యాచరణ పిలుపుల్లో 24వది నేరుగా మా పనికి సంబంధించినదే. వైద్య, నర్సింగ్ విద్యార్థులందరూ ఆదివాసుల ఆరోగ్యం గురించి, రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్ర గురించి తప్పనిసరిగా ఒక కోర్సు చదవాలన్నది దాని సారాంశం.

ఆన్‌లైన్ కోర్సును ఒకసారి రికార్డు చేసి ఏళ్ల తరబడి నడపడం విద్యాసంస్థలకు అలవాటు. మందుల మోతాదులు నేర్పడానికి అది సరిపోతుంది. ఇక్కడి ఆదివాసీ జాతుల్లో ఒకటైన క్రీ ప్రజల పెద్దలు చెప్పే పాఠాలకు సరిపోదు. వాళ్ల పురాణాల్లోని చిలిపి వీరుడు విసాకేచాక్ కథలు మంచు కురిసే కాలంలోనే చెబుతారు. మా కోర్సు మే నెలలోనూ నడుస్తుంది. అందుకే ఆ బ్యాచ్‌కు కథ ఉండదు, ఎందుకు లేదో చెప్పే పేజీ మాత్రం ఉంటుంది. చలికాలంలో పాఠం చెప్పే పెద్దావిడ ఇంటికి ముందుగా వెళ్లి, పద్ధతి ప్రకారం పొగాకు అందించి అడుగుతాం. ఒప్పుకుంటే ఆవిడ తెర మీదికి వస్తారు, మేము రికార్డు చేయం. రాలేకపోయిన విద్యార్థి సంగతేమిటని తోటివారు అడుగుతారు. ఆ కథ మీద హక్కు చెప్పేవారిది, మా సర్వరుది కాదు. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

చర్చా వేదికలో రెసిడెన్షియల్ స్కూళ్ల మీద ‘మీ స్పందన రాయండి, పది మార్కులు’ అనే ప్రశ్న ఉండేది. సుమారు 1,50,000 మంది పిల్లలను ఆ బడుల్లో వేశారు. చివరి బడులు మూతపడింది 1990లలోనే. తరగతిలో ఒకరి అమ్మమ్మ అక్కడే పెరిగి ఉండవచ్చు. ఆ దుఃఖాన్ని అందరి ముందూ పెట్టమని మార్కులతో బలవంతం చేయడం అన్యాయమని వాదించి, ఆ ప్రశ్న తీయించాను.

దాని స్థానంలో ఆదివాసీ జాతులకు, బ్రిటిష్ రాణికి మధ్య జరిగిన ఆరవ ఒప్పందం చదవమంటున్నాం. 1876లో కుదిరిన ఈ ఒప్పందం కిందికి వచ్చే నేల మీదే ఎడ్మంటన్ ఉంది. ఇండియన్ ఏజెంట్ (ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) ఇంట్లో మందుల పెట్టె ఉంచుతామని అందులో బ్రిటిష్ రాణి తరఫున రాసిచ్చారు. ఆ ఒక్క వాక్యం ఆధారంగానే, వైద్యం తమకు దక్కాల్సిన హక్కు అని అక్కడి ప్రజలు నేటికీ వాదిస్తున్నారు. మన తెలుగు పిల్లలు, కేరళ పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు ఎందరో ఇక్కడ నర్సులుగా స్థిరపడుతున్నారు. తమ ముందు కూర్చున్న రోగి ఏ హామీ నెరవేరాలని ఎదురుచూస్తున్నారో వాళ్లు తెలుసుకున్నాకే ఉద్యోగంలో చేరాలి.