ఎనిమిది రంధ్రాల ఫ్లైవీల్, పెట్టని ఒక్క పెయింట్ చుక్క

మా 1990 వోల్వో 240 కారు ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌గా మారి, మొన్న ఆదివారం మూడు పెడల్స్‌తో రోడ్డెక్కింది. నాలుగు వారాంతాల్లో అయిపోతుందనుకున్న పని పదకొండు వారాంతాలు తినేసింది. అందులో రెండు మాత్రం అచ్చంగా నా అతి తెలివి ఖాతాలోకి వెళ్తాయి, ఆ రెండింటి గురించి చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందు కారు సంగతి. ఇది ఆటోమేటిక్‌గా పుట్టింది, ఏడబ్ల్యూ70 అనే నాలుగు గేర్ల బాక్స్‌తో. ఇంజిన్ బీ230ఎఫ్, 2.3 లీటర్లు, 114 హార్స్‌పవర్, సిలిండర్‌కి రెండే వాల్వులు. ఈ ఇంజిన్ మొండిదని పేరు, టైమింగ్ బెల్ట్ తెగినా వాల్వులు వంగవు, కొత్త బెల్ట్ వేసుకుని వెళ్లిపోవచ్చు. కానీ ఎంత మొండిదైనా ఆయిల్ లేకుండా నడిపితే అదేం చేస్తుంది పాపం, నా చేతికి వచ్చేసరికే కింద బేరింగుల్లో టక టక మొదలైంది. దానికి తోడు గేర్ రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారి గుర్రుమని లేచి, ఆలోచించుకుని, అప్పుడు పట్టుకునేది. రెండూ విడివిడిగా బాగుచేసే ఓపిక లేక, వెనక నుంచి దెబ్బతిన్న 1991 నాటి 240 ఒకటి మొత్తంగా కొనేశా. అందులో ఉన్నదీ బీ230ఎఫ్ ఇంజినే, దాని వెనక ఎం47 అనే ఐదు గేర్ల మాన్యువల్.

మొత్తం కారు కొనడం ఒక్కటే ఈ వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని. గేర్‌బాక్స్ మార్చడం అంటే గేర్‌బాక్స్ ఒక్కటే కాదు కదా. పెడల్స్ ఉన్న ఫ్రేమ్, క్లచ్ కేబుల్, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్, గేర్‌బాక్స్ కింద అడ్డంగా వచ్చే ఇనుప పట్టీ, స్టార్టర్ మోటార్, చివరికి లివర్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు దాకా అన్నీ కావాలి, ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కూర్చుంటే ఏడాది పడుతుంది. నేను రెండు కార్లనీ పక్కపక్కన పెట్టుకుని దీంట్లోది తీసి దాంట్లో పెట్టుకుంటూ పోయా. స్పీడోమీటర్‌కి సిగ్నల్ వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె దగ్గర్నుంచి వస్తుంది కాబట్టి దాని జోలికే వెళ్లాల్సిన పని పడలేదు.

పెడల్స్ మార్చడం గురించి ఎవరూ చెప్పరు. సీటు తీసేసి, వీపు కార్ ఫ్లోర్ మీద, కాళ్లు వెనక సీట్లో, తల స్టీరింగ్ కింద పెట్టి, కనిపించని బోల్టుని వేళ్లతో తడుముకుంటూ విప్పాలి. టార్చ్ నోట్లో పెట్టుకున్నా. ఇంజిన్‌ని పైకి లేపి బయటికి తీయడానికి పట్టిన టైమ్ కంటే దీనికే ఎక్కువ పట్టింది.

ఇంజిన్ విషయంలో ఈ మోడల్‌లో ఒక జబ్బు ఉంది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఉండే కింది గది, అంటే క్రాంక్‌కేస్, ఊపిరి పీల్చుకునే దారిలో ఫ్లేమ్ ట్రాప్ అని వేలెడంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అది మడ్డితో పూడుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లని బయటికి నెట్టేస్తుంది. కొన్న ఇంజిన్‌లో అదే జరిగింది, వెనక సీల్ చుట్టూ తడి. ఇంజిన్ ఎలాగూ నేల మీదే ఉంది కదా అని ఆ ప్లాస్టిక్ ముక్క మార్చి, వెనక సీల్ కూడా కొత్తది వేద్దామనుకున్నా. సీల్ దాకా చేరాలంటే ఫ్లైవీల్, అంటే క్రాంక్ వెనక చివర బోల్టులతో బిగించి ఉండే బరువైన ఇనుప చక్రం, తీయాలి. తీశా. పాత సీల్ పెదవి క్రాంక్ మీద సన్నగా గీత తొలిచింది, గోరు పెడితే తగులుతోంది. కొత్త సీల్ సరిగ్గా ఆ గీత మీదే కూర్చుంటే మళ్లీ కారుతుంది కాబట్టి ఒక మిల్లీమీటరు తక్కువ లోతుకి కొట్టి ఆపేశా. ఇంత జాగ్రత్తగా చేసినవాణ్ని కదా, ఆ గర్వంలోనే ఫ్లైవీల్ ఎత్తి మళ్లీ బిగించడం మొదలుపెట్టా.

మా తమ్ముడు పక్కనే ఉండి టార్క్ రెంచ్ అందిస్తున్నాడు.

"తీసేటప్పుడు మార్కు పెట్టుకున్నావా అన్నయ్యా?"

"ఎనిమిది బోల్టులు, ఎనిమిది రంధ్రాలు, ఎటు తిప్పినా సరిపోతున్నాయి కదరా, ఇంకా మార్కు దేనికి?"

వాడేం మాట్లాడలేదు. కొత్త బోల్టులు వేసి బిగించేశా.

క్లచ్ ప్లేట్‌ని మధ్యకి చేర్చే ప్లాస్టిక్ కడ్డీ ఉండటంతో గేర్‌బాక్స్ బాగానే ఎక్కింది. చివరి రెండు అంగుళాల దగ్గర మొండికేసినప్పుడు బోల్టులు బిగించి లాక్కుందామనే పాడు ఆలోచన వచ్చింది గానీ చేయలేదు, అలా చేస్తే బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు భాగంలో ఇంజిన్‌కి అతుక్కునే గంట ఆకారపు తొడుగు) చెవులు విరుగుతాయి. గేర్‌లో వేసి, గేర్‌బాక్స్ వెనక చివరుండే ఫ్లాంజ్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ నెడితే ఇరుసు మీది గాళ్లు (స్ప్లైన్లు) క్లచ్ ప్లేట్ గాళ్లతో కలిసి టప్ మని కూర్చుంది. ఆ చప్పుడు కోసమే ఇలాంటి పనులు పెట్టుకుంటానేమో నాకే తెలీదు. అందులో పోసేది గేర్ ఆయిల్ కాదు, ఆటోమేటిక్ బాక్స్‌లో వాడే ఏటీఎఫ్ అనే ఎర్ర ఆయిల్. మాన్యువల్ చేసుకున్నాక కూడా ఆ ఎర్ర ఆయిల్ బాధ తప్పలేదన్నమాట.

కీ తిప్పితే ఏమీ లేదు. అసలు స్టార్టరే కదల్లేదు. దీనికి పెద్దగా కంగారు పడలేదు, ఆటోమేటిక్ కారులో లివర్ పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టర్‌కి కరెంటు వదిలే స్విచ్ ఒకటి ఉంటుంది, దాన్ని తీసేశాం కాబట్టి ఆ రెండు వైర్లు కలపాలి. కలిపా. స్టార్టర్ తిరిగింది. ఇంజిన్ మాత్రం అంటుకోలేదు. కరకరకర తిరుగుతుంది, మధ్యలో ఒకసారి గాలి గొట్టంలోంచి ఢబ్ మని దగ్గుతుంది, అంతే.

ఇక్కడి నుంచి రెండు వారాంతాలు నేను చేసినవన్నీ పనికిరానివే. ప్లగ్ తీసి చూస్తే నీలంగా స్పార్క్ వస్తోంది. పెట్రోల్ వాసన ఉంది. ఫ్యూయల్ పంప్ రిలే మార్చా. ప్లగ్ వైర్ల వరస నాలుగుసార్లు సరిచూశా. ఈ కార్లలో, క్రాంక్ ఎంత తిరిగిందో కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ వైరు తొడుగు పెళుసుబారి ఊడిపోతుంటుంది, అదేనేమో అనుకుని కొత్తది వేశా. బానెట్ కింద చిన్న నల్ల పెట్టె ఉంటుంది, దానికున్న పిన్నుని రెండో నంబరు రంధ్రంలో పెట్టి బటన్ నొక్కితే ఫ్యూయల్ కంప్యూటర్ ఎర్ర లైటుతో కోడ్ చెబుతుంది, ఆరో నంబరులో పెడితే ఇగ్నిషన్ కంప్యూటర్ చెబుతుంది. రెండూ అడిగా. రెండూ ఒకటే సమాధానం: ఒక మెరుపు, ఒక మెరుపు, ఒక మెరుపు. 1-1-1. అంటే ఏ తప్పూ లేదని. కారు స్టార్టే కాకుండా ఆరోగ్యం భేషుగ్గా ఉందంటుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మూడో శనివారం నేను డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) మూత పట్టుకుని దిగాలుగా కూర్చుంటే తమ్ముడు, "అన్నయ్యా, ఆ ఫ్లైవీల్ అంచు మీద చుట్టూ రంధ్రాలున్నాయి కదా, అవెందుకు?" అన్నాడు. నాకు ఒళ్లు చల్లబడింది.

అవి క్రాంక్ సెన్సర్ కోసం. అంచు చుట్టూ 60 రంధ్రాలకి చోటు ఉంటుంది, కానీ వేసింది 58, రెండు కావాలని వదిలేస్తారు. ఆ ఖాళీ సెన్సర్ కిందకి వచ్చినప్పుడు మొదటి సిలిండర్ పిస్టన్ పైకొస చేరడానికి ఇంకా సరిగ్గా 90 డిగ్రీల దూరంలో ఉండాలి. కంప్యూటర్ ఆ ఖాళీ దగ్గర్నుంచి లెక్కపెట్టుకుని స్పార్క్ వదులుతుంది. ఫ్లైవీల్ ఎనిమిది రకాలుగా బిగుస్తుంది, దానికి బోల్టులేమీ అడ్డు చెప్పవు. ఒక్క రంధ్రం పక్కకి జరిగినా 45 డిగ్రీలు తేడా. సెన్సర్‌కి సిగ్నల్ అందుతూనే ఉంది, కంప్యూటర్ తన లెక్క తాను సరిగ్గానే వేసుకుంటోంది. అందుకే 1-1-1.

అయినా గేర్‌బాక్స్ దించే ముందు కళ్లతో చూసుకోవాలి కదా. సెన్సర్ ఒక్క బోల్టు విప్పితే వచ్చేస్తుంది. ఆ రంధ్రంలోకి టార్చ్ వేసి, చిన్న అద్దం వంచి పట్టుకుని, తమ్ముడు ముందు నుంచి క్రాంక్ బోల్టు మీద 24 మిల్లీమీటర్ల సాకెట్ పెట్టి మెల్లగా తిప్పుతుంటే రంధ్రాలు ఒకటొకటిగా అద్దంలో జారిపోయాయి, రంధ్రం, రంధ్రం, రంధ్రం, ఇంకోటి, ఆ తర్వాత నున్నటి ఇనుము. "ఆపు" అన్నా. ముందుకెళ్లి క్రాంక్ పుల్లీ మీద గీత చూశా. మొదటి పిస్టన్ పైకొసని చూపించే సున్నాకి పావు చుట్టు దూరంలో ఉండాల్సింది అందులో సగమే ఉంది. నమ్మబుద్ధి కాక స్కూల్ జామెట్రీ బాక్స్‌లోని కోణమానిని తెచ్చి పెట్టి చూశా. 45.

మళ్లీ మొత్తం దించాం. మొదటిసారి గేర్‌బాక్స్ ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది, ఈసారి దించడం ఎక్కించడం కలిపి ఒక్క రోజు. బెల్ హౌసింగ్ పై బోల్టుల కోసం ఇంజిన్ వెనక భాగాన్ని కిందకి వంచి, ఎక్స్‌టెన్షన్ కడ్డీలు ఒకదానికొకటి తగిలించి గేర్‌బాక్స్ తోక వైపు నుంచి విప్పాలని అప్పటికి ఒంటికి అలవాటైపోయింది. ఫ్లైవీల్‌ని ఒక్క రంధ్రం జరిపి, మళ్లీ కొత్త బోల్టులతో బిగించా. బిగించాక తమ్ముడు నన్ను పక్కకి జరగమని, క్రాంక్ మీదికి ఫ్లైవీల్ మీదికి కలిపి పసుపు పెయింట్‌తో ఒక గీత గీశాడు. ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండేది.

రెండో తిప్పుకే అంటుకుంది. వాల్వుల దగ్గర చప్పుడు ఓ నిమిషం ఉండి తగ్గిపోయింది, వెనక సీల్ దగ్గర ఇప్పటిదాకా చుక్క పడలేదు.

రివర్స్ లైట్లు ఇంకా వెలగట్లేదు, ఆ వైర్లు ఎటు పోయాయో చూడాలి. ఎం47కి అసలు బలహీనత ఐదో గేరే, నాలుగు గేర్ల బాక్స్ తోకలో దాన్ని విడిగా తగిలించినట్టు ఉంటుంది. నిన్న ఐదులో వెళ్తుంటే సన్నగా ఈల లాంటిది వినిపించింది. కిటికీ రబ్బరు సందులోంచి వచ్చే గాలే అని నేనంటున్నా. కిటికీలు నాలుగూ దించి చూద్దామంటాడు తమ్ముడు.