యూ0131 కోడ్: స్టీరింగ్ మాడ్యూల్ మార్చే ముందు ఎర్త్ చూడండి

కారు: స్టీరింగ్ కాలమ్‌కే మోటార్ ఉండే హ్యాచ్‌బ్యాక్. స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కుతోంది, ఈపీఎస్ (కరెంటు పవర్ స్టీరింగ్) లైటు వెలుగుతోంది.

మొదటి రోజు

స్కానర్ పెడితే యూ0131 అనే లోపం కోడ్ ఇంజన్ ఈసీయూలోనూ (ఇంజన్ నడిపే కంప్యూటర్), ఏబీఎస్‌లోనూ (బ్రేకుల కంప్యూటర్) ఉంది. పవర్ స్టీరింగ్ మాడ్యూల్ నుంచి తమకు మెసేజ్‌లు రావట్లేదని అవి చెబుతున్నాయి, అంతే. మాడ్యూల్ కాలిపోయిందని దీని అర్థం కాదు. ఈ ఒక్క కోడ్ చూసి కాలమ్ అసెంబ్లీ కొనేస్తే డబ్బు దండగ. పైగా కొత్తదానికి కోడింగ్, టార్క్ సెన్సర్ క్యాలిబ్రేషన్ కూడా చేయాలి.

బ్యాటరీ 12.5 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.6. బాగానే ఉంది. 9.6 కంటే దిగితే ముందు దాని సంగతే చూడాలి.

అసలు ఆధారం ఇక్కడ దొరికింది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే ఈపీఎస్ స్కానర్‌కి పలుకుతోంది. స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పగానే మాయమవుతోంది. క్యాన్ వైరు (మాడ్యూళ్లు మెసేజ్‌లు పంపుకునే లైను) తెగి ఉంటే మోటార్ తిరిగేదాకా ఆగదు. కాబట్టి అనుమానం కరెంటు సప్లై మీదే.

రెండో రోజు

క్యాన్ వైర్ల మీద అనుమానం తీరడానికి బ్యాటరీ నెగటివ్ తీసి ఓబీడీ సాకెట్ (స్కానర్ పెట్టేది) 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 61 ఓమ్‌లు. రెండు 120 ఓమ్‌ల రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక పక్క తెగినట్టు, సున్నా దగ్గరికొస్తే రెండు వైర్లు కలిసిపోయినట్టు.

నెగటివ్ తీసే ఉంచి, కాసేపాగి ఈపీఎస్ మెయిన్ కనెక్టర్ విప్పాలి. ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్ల జోలికి వెళ్లొద్దు. మళ్లీ బ్యాటరీ కలిపి, ఆ కనెక్టర్ సప్లై, ఎర్త్ పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు. చాలామంది ఇక్కడే మోసపోతారు. మీటర్ దాదాపు కరెంటే లాగదు, తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి) మీద కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. అవే పిన్నులకు హెచ్4 హెడ్‌లైట్ బల్బు 55 వాట్ల ఫిలమెంట్ కలిపితే మసగ్గా వెలిగింది. బల్బు వెలుగుతుండగా ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 2.9 వోల్టులు, అంటే అంత వోల్టేజీ ఎర్త్ దారిలోనే పోతోంది. మోటార్ కరెంటు లాగగానే మాడ్యూల్ ఎందుకు రీసెట్ అవుతోందో తేలిపోయింది.

మూడో రోజు

డ్రైవర్ కాలి పక్క ప్లాస్టిక్ ప్యానెల్ తీస్తే ఎర్త్ బోల్టు కనిపించింది. వాషర్ చుట్టూ ఎర్రటి తుప్పు, రింగ్ టెర్మినల్ అంచున పచ్చటి పొడి. కార్పెట్ తడి. వైపర్ల కింద డ్రెయిన్‌లో వేపాకు అడ్డుపడి నీళ్లు లోపలికి దిగాయి.

10 నంబర్ స్పానర్‌తో విప్పి, బాడీ మీద మెరిసే లోహం తేలేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. టెర్మినల్ కొత్తది క్రింప్ చేశాం. ముందు బిగించి, ఆ తర్వాతే పైన వాజలీన్ రాయాలి.

ఇప్పుడు బల్బు పరీక్షలో 0.02 వోల్టులు. కనెక్టర్ పెట్టి, ఇంజన్ ఆన్‌లో నిలబడ్డచోటే స్టీరింగ్ తిప్పితే 0.19. చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోకూడదు, మోటార్ వేడెక్కుతుంది. కోడ్ చెరిపాక ఈపీఎస్ స్కానర్ నుంచి తప్పుకోలేదు. డ్రెయిన్ శుభ్రం చేసి, పైనుంచి బకెట్ నీళ్లు పోసి, లోపల చుక్క రాలేదని చూశాకే ప్యానెల్ బిగించాం.