ఆపరేషన్‌కి అందరూ ఇచ్చారు

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఇద్దరు ఎదురుపడితే కుశలప్రశ్నలు పూర్తికాకముందే "నీకెంత వచ్చింది?" అన్న మాట వచ్చేస్తుంది. ఎంత అంటే క్రియాటినిన్ ఎంత అని. కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం అది, రక్తంలో ఎంత పెరిగితే కిడ్నీలు అంత దెబ్బతిన్నట్టు. ఒకటి, ఒకటిన్నర ఉన్నవాళ్లు ధైర్యంగా చెబుతారు. అయిదు దాటినవాళ్లు గొంతు తగ్గిస్తారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఏ మండలానికి వెళ్లినా షుగరు, బీపీ ఏమీ లేకుండానే కిడ్నీలు పోయినవాళ్లు కనిపిస్తారు. తాగే నీళ్లని కొందరు, పురుగుమందులని కొందరు, ఎండలో పని వల్లని కొందరు అంటారు. ఇదీ కారణమని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు.

నా సంగతి 2017లో ఊళ్లో పెట్టిన వైద్యశిబిరంలో బయటపడింది. అప్పటికి పలాసలో ఒక జీడి పరిశ్రమలో లెక్కలు రాసేవాణ్ణి. కాళ్లు వాస్తున్నాయంటే రోజంతా కుర్చీలో కూర్చోవడం వల్లేమో అనుకునేవాళ్లం ఇంట్లో. మందులతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. 2020లో, సరిగ్గా లాక్‌డౌన్ టైములో, డయాలసిస్ మొదలైంది.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. మిషన్ మీద నుంచి లేచాక ఆ పూటకి ఇంకే పనికీ ఒళ్లు సహకరించదు. నీళ్లు కొలుచుకుని తాగాలి. పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్లు అసలే వద్దన్నారు. చుట్టూ కొబ్బరితోటలున్న ఊళ్లో! అయినా మా తోటలో బొండాలు కోసే అవసరమూ పెద్దగా లేకపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా చెట్లన్నీ కూల్చేసింది. అమ్ముకోడానికి మిగిలింది లేదు, ఆ ఏడాది నుంచి మా ఇంటి ఆదాయం నా జీతం, అమ్మ జీడిపప్పు ఒలిచి తెచ్చే కూలి. డయాలసిస్ మొదలయ్యాక నా జీతమూ పోయింది. డయాలసిస్ రోగులకి నెలకి 10,000 రూపాయల పింఛను 2019 నుంచి వస్తుండబట్టి పొయ్యి వెలిగింది.

కిడ్నీ ఇస్తానని అమ్మే అంది. నా భార్య కూడా ముందుకొచ్చింది కానీ బ్లడ్ గ్రూపు కలవలేదు. పరీక్షల తర్వాత కాగితాల పని. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, నోటరీ అఫిడవిట్లు, ఆధార్, రేషన్ కార్డు, పాత ఫొటోలు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం, సొంత తల్లి అయినా సరే, ఇష్టపడే ఇస్తోందా, డబ్బు చేతులు మారిందా అని అడిగి తెలుసుకోవాలి. వీడియో తీస్తూ అమ్మని అదే అడిగారు. "ఏటి బాబూ, నా కొడుక్కి నానిస్తంటే ఎవులు బలమంతం సేస్తారు?" అంది. అడిగిన డాక్టరుగారు నవ్వారు కానీ, ఆ ప్రశ్న అడగాల్సిందే. పేదల కిడ్నీలు కొనే దళారులు ఉన్న దేశం మనది.

ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ భరించింది. మరి డబ్బు ఎందుకంటారా? ముందు చేసే మ్యాచింగ్ పరీక్షలు, ప్యాకేజీలోకి రాని ఇంజక్షన్లు, డిశ్చార్జి అయ్యాక విశాఖలోనే ఆసుపత్రి దగ్గర మూడు నెలలు అద్దె గది, ఇద్దరు పేషెంట్లకి ఇద్దరు తోడు, తిండి. ఊళ్లో చందా వేశారు. నా పదో తరగతి బ్యాచ్ వాళ్లు రెండు రోజుల్లో మొత్తం పోగుచేశారు. వాళ్లలో సగం మంది గల్ఫ్‌లో, సింగపూర్‌లో వెల్డర్లు. ఓవర్‌టైమ్ చేసి పంపినవాళ్లున్నారు. నేను పనిచేసిన జీడి యజమాని అడగకుండానే ఇచ్చాడు. ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని లేకపోయినా అందరి పేర్లూ ఒక నోటుబుక్‌లో రాసిపెట్టుకున్నాను.

2022లో ఆపరేషన్ అయింది. మెలకువ వచ్చాక నర్సు యూరిన్ బ్యాగు పైకెత్తి చూపించింది. అప్పటికి ఏడాదికి పైగా నాకు మూత్రం సరిగ్గా రావడమే లేదు. పాత కిడ్నీలు తీయరు, ఎక్కడివక్కడే ఉంచి, కొత్తదాన్ని పొత్తికడుపులో కుడిపక్కన పెడతారు. మూడు లీటర్ల నీళ్లు తాగమన్నారు. ఎన్నాళ్లుగానో గుటకలు లెక్కపెట్టుకుంటూ బతికినవాడికి ఆ మాట ఎలా వినపడుతుందో డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పక్క వార్డులో అమ్మ కూడా మూడో రోజుకే లేచి నడుస్తోంది. ఆ వరసలో కిడ్నీ ఇచ్చినవాళ్లంతా ఆడవాళ్లే. తల్లులు, భార్యలు, ఒక అక్క. పుచ్చుకున్నవాళ్లు దాదాపు అందరం మగవాళ్లం. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

మార్చిన కిడ్నీని ఒళ్లు పరాయిదిగానే చూస్తుంది. అది తిరగబడకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ వేసుకోవాలి. టాక్రోలిమస్ పొద్దున, సాయంత్రం, సరిగ్గా పన్నెండు గంటల తేడాతో. బతికున్నంత కాలం. నాకు వర్తించిన ప్యాకేజీలో ఆపరేషన్ తర్వాత మందులు మొదటి ఏడాది వరకే. 2023లో ఆ ఏడాది ముగిసింది. మెడికల్ షాపులో నెల బిల్లు పన్నెండు వేల పైచిలుకు అయింది. దానికి తోడు లెవెల్ టెస్టు. రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసి మోతాదు మారుస్తారు. పొద్దుటి క్యాప్సూల్ వేసుకోకముందే రక్తం ఇవ్వాలి కాబట్టి ముందురోజు రాత్రే రైలెక్కి విశాఖ చేరాలి.

పింఛను సంగతి ఇంకా విచిత్రం. డయాలసిస్ మీద ఉన్నప్పుడు 10,000 వచ్చేది. కిడ్నీ మార్చుకున్నవాళ్ల కేటగిరీలో అప్పటి రేటు 5,000. మిషన్ అవసరం తీరిందని పింఛను సగమైంది, మందుల ఖర్చు మాత్రం మొత్తంగా మా నెత్తిన పడింది.

బ్యాచ్ వాళ్లని మళ్లీ అడగడానికి నోరు రాలేదు. ఆపరేషన్ అంటే జనానికి అర్థమవుతుంది. తేదీ ఉంటుంది, ఫొటో ఉంటుంది. "సక్సెస్" అని తెలిశాక సాయం చేసినవాళ్లు సంతోషంగా వాళ్ల పనుల్లో పడతారు, అది సహజం. నెలనెలా మాత్రలకి డబ్బు కావాలంటే "ఇంకా ఏంటి, బాగైపోయాడు కదా" అంటారు. తప్పు వాళ్లది కాదు. మనిషి చూడ్డానికి బాగానే ఉంటాడు మరి.

నాతోపాటు డయాలసిస్ చేయించుకుని, నాకంటే ముందే కిడ్నీ మార్చుకున్న ఒకమ్మాయి ఉండేది. కంచిలి వైపు. రెండో ఏడాదిలో రెండు పూటల క్యాప్సూల్‌ని ఒక పూటకి తెచ్చింది, నెలకి వచ్చే మందులు రెండు నెలలు వస్తాయని. రిజెక్షన్, అంటే ఒళ్లు ఆ కిడ్నీ మీద తిరగబడడం, మొదలైతే చాలాసార్లు నొప్పేమీ ఉండదు. కాళ్లు వాచేదాకా తెలియలేదు. ఇప్పుడు మళ్లీ సోంపేటలో మిషన్ మీద ఉంది. పోయింది వాళ్లమ్మ ఇచ్చిన కిడ్నీ.

ఆ కబురు తెలిశాకే మేం కొందరం కూడాం. కిడ్నీ మార్చుకున్నవాళ్లం, డయాలసిస్ మీద ఉన్నవాళ్లం, ఒక రిటైర్డ్ మాస్టారు. సంఘం పేరూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. ముందు చిన్న పనులతో మొదలుపెట్టాం. అందరి మందుల చీటీలూ కలిపి విశాఖలో హోల్‌సేల్ ఏజెన్సీ దగ్గర ఒకేసారి కొంటే ఎమ్మార్పీ మీద బాగా తగ్గించారు. ఒకరికి మోతాదు తగ్గితే మిగిలిన స్ట్రిప్పులు అదే కంపెనీ వాడే ఇంకొకరికి, డాక్టరుని అడిగాకే ఇస్తాం. కంపెనీ మారిస్తే లెవెల్ మారొచ్చు కాబట్టి ఈ విషయంలో మాస్టారు చాలా కఠినం. రైల్వేలో డయాలసిస్‌కి, కిడ్నీ మార్పిడికి వెళ్లే రోగికీ, తోడు వెళ్లే ఒకరికీ స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఉందని మాలో సగం మందికి తెలియనే తెలియదు. ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ తీసుకుని కౌంటర్లో చూపించాలి.

తర్వాత సోమవారం సోమవారం శ్రీకాకుళంలో అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్లాం. మొదట్లో ఎవరి కష్టం వాళ్లు చెప్పేవారు. అధికారులు జాలిపడేవారు, కాగితం పక్కన పెట్టేవారు. లెక్కలు రాసే అలవాటు నాకు అక్కడ పనికొచ్చింది. ఒకే పేజీ వేశాను. ఒక మార్పిడికి ప్రభుత్వం పెట్టే ఖర్చు ఒక పక్క, రెండో ఏడాది మందుల ఖర్చు ఇంకో పక్క. కింద, మందులు మానేసి కిడ్నీ పోతే ఆ మనిషికి డయాలసిస్‌కీ పింఛనుకీ ఏటా మళ్లీ అదే ప్రభుత్వం పెట్టాల్సిన మొత్తం. మాత్రలు ఇవ్వడమే చవక. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద జీవితాంతం మందులు ఇస్తున్న సంగతి కూడా రాశాం. ఆ పేజీని ఒక ఆఫీసరు రెండుసార్లు చదివి, జిరాక్స్ తీయించుకున్నారు.

2024 జులైలో పింఛన్లు పెరిగినప్పుడు కిడ్నీ, లివర్, గుండె మార్చుకున్నవాళ్లది కూడా 10,000 అయింది. మా అర్జీల వల్లే అని గొప్పలు చెప్పుకోను. ఎన్నో చోట్ల నుంచి ఎంతోమంది అడిగి ఉంటారు. ఆ నెల మాత్రం మందుల షాపులో అప్పు రాయించకుండా బయటికొచ్చాను. ఇప్పుడు అదే జీడి పరిశ్రమలో పూటపనికి వెళ్తున్నాను. దుమ్ము ఉండే షెడ్డులోకి వెళ్లను, మాస్కు తీయను.

మిగిలినవి ఇంకా అడుగుతూనే ఉన్నాం. మందులు ఏడాది దాటాక కూడా ఇవ్వాలని. పలాసలో 2023 డిసెంబరులో రెండొందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి కాబట్టి లెవెల్ టెస్టుకి రక్తం అక్కడే తీసుకుని విశాఖకి పంపాలని. ఈసారి అర్జీలో దాతల గురించి కూడా రాశాం. అవయవం దానం చేసిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 2023 నుంచి 42 రోజుల ప్రత్యేక సెలవు ఉంది. జీడిపప్పు ఒలిచే మా అమ్మకి పని మానిన రోజుల కూలి ఎవరూ ఇవ్వలేదు. ఏడాదికోసారి ఆమెకి చేయించాల్సిన పరీక్షలు కూడా మా సొంత ఖర్చే.

ఆ అర్జీ మీద సంతకం చేయమంటే అమ్మ ముందు ఒప్పుకోలేదు. "నాకేటయిందని? నాను పేసెంటునా?" అంది. మాస్టారు వచ్చి అరగంట కూర్చుని చెప్పాక చేసింది. పై సోమవారం శ్రీకాకుళం తీసుకెళ్తున్నాం.