మార్షల్ ఫీల్డ్స్ వారి పాట్ పై, మన వంటింట్లో

అమెరికా నగరాల నడిబొడ్డున వెలిగిన పాత డిపార్ట్‌మెంట్ స్టోర్లలో బట్టలు, పింగాణీ సామాను, టోపీలు అమ్మే అంతస్తులతో పాటు ఒక మంచి భోజనశాల కూడా ఉండేది. ఆ దుకాణాలలో చాలా భాగం మూతపడ్డాయి, మిగిలినవాటిలో పెక్కు పేరు మార్చుకుని మేసీస్ అనే పెద్ద దుకాణాల సంస్థలో కలిసిపోయాయి. అయినా అక్కడ తిన్న వంటకాలను ఇంట్లో మళ్లీ వండుకోవాలన్న కోరిక ఆ తరం వారిలో బలంగానే ఉంది. షికాగో శివారులో ఉంటున్న నాకు ఈ ఆసక్తి మార్షల్ ఫీల్డ్స్ దుకాణంలోని వాల్‌నట్ రూమ్ అనే భోజనశాల వల్ల కలిగింది. స్టేట్ స్ట్రీట్‌లోని ఆ భవనానికి 2006 సెప్టెంబరులో మేసీస్ పేరు వచ్చినా, ఏడవ అంతస్తులో 1907లో తెరిచిన ఆ గది, దాని వాల్‌నట్ చెక్క గోడలు, క్రిస్మస్ రోజుల్లో మధ్యలో నిలబెట్టే ఎత్తైన చెట్టు ఇంకా ఉన్నాయి. అక్కడి చికెన్ పాట్ పై, అంటే చిక్కని కోడికూర మీద మైదా పిండి మూత పరచి అవెన్‌లో కాల్చే వంటకం, ఇంకా వడ్డిస్తున్నారు గనుక, ఇంట్లో వండినదానిని అసలుతో పోల్చి చూసుకునే అవకాశం షికాగో వారికి ఉంది. ఇతర నగరాల వారిలో చాలామందికి ఆ భాగ్యం లేదు, జ్ఞాపకమే వారికి కొలబద్ద.

ఈ పై పుట్టుక గురించి దుకాణంలో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. 1890 ప్రాంతంలో టోపీల విభాగంలో పనిచేసే హెరింగ్ అనే ఆవిడ, ఆకలితో ఉన్న కొనుగోలుదారులకు తాను ఇంటి నుంచి తెచ్చుకున్న పైని పంచిపెట్టిందట. ఆ కాలంలో మగతోడు లేకుండా ఒక స్త్రీ హోటల్లో కూర్చుని తినడం మర్యాదగా ఎంచేవారు కాదు. అందువల్ల మధ్యాహ్నం కాగానే ఆడవారు బేరం మధ్యలో వదిలేసి భోజనానికి ఇళ్లకు వెళ్లిపోయేవారు. తరువాతి కాలంలో లండన్‌లో తన పేరుతోనే దుకాణం తెరిచిన హ్యారీ సెల్‌ఫ్రిడ్జ్ అప్పట్లో ఫీల్డ్స్‌లో పెద్ద హోదాలో ఉండేవాడు. భోజనం పెడితే ఈ ఆడవారు రోజంతా దుకాణంలోనే ఉంటారని గ్రహించి, యజమానిని ఒప్పించి, ఆయన 1890లో ఒక చిన్న టీ రూమ్ తెరిపించాడు. స్త్రీలు ఒంటరిగానో, స్నేహితురాళ్లతోనో నిస్సంకోచంగా కూర్చుని తినగలిగిన చోటు కావడం వల్లనే, ఈ వంటకాల మీద ఆ తరం ఆడవారికి అంత మమకారం నిలిచిందని నా అభిప్రాయం.

ఇలాంటి వంటకాల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఏదో రహస్య దినుసు ఉండి ఉంటుందని వెతుకుతారు. నేను ఆ మాట నమ్మను. పాట్ పైలో కోడిమాంసం, వెన్న, మైదా, పాలు, ఉల్లిపాయ, క్యారట్, సెలెరీ, పచ్చి బఠాణీ, కొద్దిగా థైమ్ ఆకు తప్ప మరేమీ ఉండవు. తేడా అంతా కోడిలోనూ, వండే ఓపికలోనూ ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో కుండలో ఉడికిన కోడి, గుడ్లు పెట్టడం మానేసిన ముదురు పెట్ట. దానిని సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికిస్తేనే మెత్తబడేది. ఆ సమయంలో ఎముకలలోని సారం, చర్మంలోని జిగురు నీటిలోకి దిగి, చల్లారితే పేరుకునేటంత చిక్కని స్టాక్ తయారయ్యేది. ఈనాటి సూపర్ మార్కెట్ బ్రాయిలర్ ఆరేడు వారాల వయసుకే కోతకు వస్తుంది. ముప్పావు గంటలో ఉడికిపోతుంది, కాని దాని నీటిలో సారం ఉండదు.

ఇక్కడ మనవారికి ఒక సౌలభ్యం ఉంది. నాటుకోడి పులుసు కోసం మనం హలాల్ మాంసం దుకాణాలలో అడిగి తెచ్చుకునే హార్డ్ చికెన్, ఆ పాత వంటలలో వాడిన ముదురు కోడికి దగ్గర బంధువు. నేను దానిని ఒక ఉల్లిపాయ, రెండు సెలెరీ కాడలు, ఒక క్యారట్, మిరియాలు వేసి, నీరు తెర్లకుండా కేవలం చిన్న బుడగలు పైకి వచ్చేటంత సెగ మీద రెండున్నర గంటలకు పైగా ఉడికిస్తాను. తెర్లనిస్తే కొవ్వు నీటిలో కలిసిపోయి స్టాక్ మడ్డిగా తయారవుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో పెడితే పని త్వరగా అయిపోతుంది గాని, ఆ నీటి నిగారింపు, పరిమళం దక్కవు. ఉడికిన మాంసాన్ని చేత్తో పెద్ద పెద్ద ముక్కలుగా విడదీసుకుని, స్టాక్‌ను వడకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పైన పేరిన కొవ్వును మర్నాడు తీసివేయాలి.

లోపలి కూరకు, ఆరుగురికి సరిపడేలా, 6 టేబుల్ స్పూన్ల వెన్నలో సన్నగా తరిగిన ఉల్లి, క్యారట్, సెలెరీ మగ్గించి, అర కప్పు మైదా చల్లి, పచ్చి వాసన పోయే దాకా, అయితే రంగు మారకుండా వేయించాలి. తరువాత రెండున్నర కప్పుల వేడి స్టాక్, ఒకటిన్నర కప్పుల పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి. గరిట వెనుక భాగాన్ని పొరలా పట్టుకునేటంత చిక్కబడినప్పుడు కోడిముక్కలు, బఠాణీ, థైమ్, ఉప్పు వేసి దించాలి. పాత పద్ధతిలో కొద్దిగా షెర్రీ కూడా పోస్తారు. మద్యం వాడని ఇళ్లలో చివరన కొన్ని చుక్కల నిమ్మరసం పిండితే, ఆ పాల చిక్కదనాన్ని తేలిక చేసే పులుపు దక్కుతుంది. అల్లంవెల్లుల్లి, గరం మసాలా మాత్రం వేయవద్దని గట్టిగా చెబుతాను. వేస్తే రుచిగానే ఉంటుంది, కాని మనం వెతుకుతున్న వంటకం అక్కడ ఉండదు.

పై మూతకు పిండి కలిపేటప్పుడు మన చేతి అలవాటును కాస్త అదుపులో పెట్టుకోవాలి. చపాతీ పిండిని మర్దించినట్టు మర్దిస్తే జిగురు పెరిగి మూత గట్టిపడుతుంది. ఒకటిన్నర కప్పుల మైదాలో ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసిన అర కప్పు వెన్న, పావు కప్పు షార్టెనింగ్ (వనస్పతి లాంటి గట్టి కొవ్వు) వేసి, బఠాణీ గింజంత ముక్కలు మిగిలేలా వేళ్ల కొసలతో నలిపి, మూడు నాలుగు టేబుల్ స్పూన్ల ఐసు నీటితో ముద్ద చేసి, అరగంట చల్లగా ఉంచాలి. ఆ వెన్న ముక్కలలోని నీరు అవెన్‌లో ఆవిరై పిండి పొరలను విడదీస్తుంది. అందుకే కూర పూర్తిగా చల్లారిన తరువాతే మూత వేయాలి. వేడి కూర మీద వేస్తే అవెన్ చేరకముందే వెన్న కరిగిపోయి పొరలు రావు. మధ్యలో చిన్న గాటు పెట్టి 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పాతిక నిమిషాలు, అంచుల్లో గ్రేవీ బుడగలు కనిపించే దాకా కాల్చాలి.

పాత వంటశాలల కొలతలు చూసి వండేవారు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. అవి వందల మందికి వండిన కొలతలు. వాటిని పదోవంతుకో, ఇరవయ్యో వంతుకో భాగించి వాడితే గ్రేవీ పాళ్లు తప్పుతాయి. పెద్ద గంగాళంలో ద్రవం మొత్తంతో పోలిస్తే పైభాగం విస్తీర్ణం తక్కువ, చిన్న గిన్నెలో ఎక్కువ, కనుక ఇంట్లో నీరు త్వరగా ఇగిరి ఉప్పు తేలుతుంది. ఉప్పును కాగితం మీది లెక్కకు వదలక చివరన నాలుకతో సరిచూసుకోవాలి.

పాట్ పై తరువాత నేను ఎక్కువగా చేసేది డాలస్‌లోని నైమన్ మార్కస్ దుకాణం వారి పాపోవర్ అనే ఉబ్బిన రొట్టె. 1955లో ఆ దుకాణపు వంటశాల బాధ్యత తీసుకున్న హెలెన్ కార్బిట్, అక్కడి జోడియాక్ రూమ్ భోజనశాలకు దేశమంతటా పేరు తెచ్చింది. గుడ్లు, గోరువెచ్చని పాలు, మైదా కలిపి గంటసేపు నాననిచ్చి, 450 డిగ్రీల దగ్గర పావుగంట, తరువాత 375కు తగ్గించి మరో అరగంట కాలిస్తే, లోపల డొల్లగా, పైన కరకరలాడుతూ ఉబ్బుతాయి. మధ్యలో అవెన్ తలుపు తీయకూడదు. వీటికి జతగా స్ట్రాబెర్రీ జామ్ కలిపి గిలక్కొట్టిన వెన్న ఇస్తారు.

అట్లాంటాలోని రిచ్‌స్ దుకాణపు కొబ్బరి కేకును తలచుకునేటప్పుడు మాత్రం నా మనసు వేరే విధంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఆ దుకాణంలో నల్లజాతివారు బట్టలు కొనుక్కోవచ్చు, అప్పు ఖాతా తెరుచుకోవచ్చు, మాగ్నోలియా రూమ్‌లో కూర్చుని తినడానికి మాత్రం వీలులేదు. 1960 అక్టోబరు 19న అక్కడి కళాశాలల విద్యార్థులతో కలిసి ఆ దుకాణంలో తిండి అడిగినందుకు మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేశారు. ఆయన బెయిలుకు ఒప్పుకోలేదు. తోటివారిని విడిచిపెట్టాక కూడా, పాత ట్రాఫిక్ కేసు ఒకటి ముందుకు తెచ్చి, ఆయనను రీడ్స్‌విల్ జైలుకు పంపారు. నగరంలోని భోజనపు బల్లలు అందరికీ తెరుచుకోవడానికి 1961 శరత్తు దాకా పట్టింది. ఒక ఇంట్లో ఆ కేకు ముక్క పండుగ జ్ఞాపకమైతే, ఆ వీధిలోనే మరో ఇంట్లో అది తలుపు దగ్గరే ఆపేసిన జ్ఞాపకం. ఆ కేకును పచ్చి కొబ్బరి తురుముతో నేను కూడా చేస్తాను. తినేవారికి ఈ కథ కూడా చెప్పకుండా వడ్డించడం నాకు సరికాదనిపిస్తుంది.

శాకాహారుల ఇళ్లకు పాట్ పై చేయాలంటే, కోడికి బదులుగా బంగాళదుంప, పుట్టగొడుగులు వాడవచ్చు. ఎండు పుట్టగొడుగులను వేడి నీటిలో నానబెట్టి, ఆ నీటితో పాటు వేయించిన ఉల్లిపాయను కూడా ఉడికించి వడకడితే, స్టాక్‌కు కావలసిన గాఢత చాలా వరకు వస్తుంది. షార్టెనింగ్ బదులు వెన్నే పూర్తిగా వాడుకోవచ్చు. ముందురోజు కూర, పిండి ముద్ద విడివిడిగా చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, అతిథులు వచ్చే రోజున మూత పరచి అవెన్‌లో పెట్టడమే మిగులుతుంది. మిగిలిన పైని మైక్రోవేవ్‌లో కాకుండా మళ్లీ 350 డిగ్రీల అవెన్‌లోనే వేడి చేసుకోండి, లేకపోతే మూత మెత్తబడిపోతుంది.