ఫోన్ పక్కగదిలో, నిద్ర నా గదిలో

ఈమధ్య రాత్రిళ్ళు ఫోన్ పక్కగదిలో పెట్టి పడుకుంటున్నాను, పొద్దున లేవగానే బయటికెళ్ళి కాసేపు వెలుతురులో నడుస్తున్నాను, అంతే, ఇంకేం పెద్దగా మార్చలేదు. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే ఒంట్లోని గడియారం సర్దుకుంటుంది, రాత్రి నిద్ర కూడా వేళకి వస్తుంది. నాకైతే తేడా బాగా తెలుస్తోంది, టెన్షన్ చాలా తగ్గింది.

ఇంకోటి, ఒకసారికి ఒకటే పని. మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 47 శాతం మన మనసు చేస్తున్న పని మీద ఉండదని, అలా ఉన్నప్పుడు సంతోషం కూడా తక్కువేనని 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ రాశారు. అది చదివాక అమ్మతో మాట్లాడుతూ వేరే పనులు చేయడం మానేశాను. ఇప్పుడు తను చెప్పే చిన్న చిన్న కబుర్లు కూడా ఎంత బాగుంటున్నాయో!