డ్యాష్‌బోర్డు కింద ఎర్ర బటన్

నా దగ్గర 1986 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఉంది. రెండో తరం గోల్ఫ్, 8 వాల్వుల 1781 సీసీ ఇంజిన్. నా చేతికి వచ్చేసరికే దాని రూపం మారిపోయింది. పాత యజమాని కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగులు) వేసి బండిని బాగా కిందికి దించాడు, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ మార్చాడు, సైలెన్సర్ పైపులన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయించాడు. ఆ పనిలో చాలా భాగం నాకు ఇప్పటికీ ఇష్టం. డ్యాష్‌బోర్డు కింద, మోకాలికి తగిలే చోట, ఒక ఎర్ర బటన్ కూడా ఉండేది. తాళాలు ఇస్తూ, "వేడి మీద స్టార్ట్ కాకపోతే ఇది నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి" అన్నాడు. అదీ మాడిఫికేషన్‌లో భాగమే కాబోలు అనుకుని ఊరుకున్నాను.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే అందుకునేది. ఒక గంట నడిపి, ఇరవై నిమిషాలు ఆపి, మళ్లీ తాళం తిప్పితే మాత్రం ఇంజిన్ ఊరికే తిరిగేది తప్ప అందుకునేది కాదు. బటన్ నొక్కితే నల్లటి పొగతో, దగ్గుతూ లేచేది. రానురాను బటన్ నొక్కినా లేవడం మానేసింది. ఎక్కడ ఆపాలన్నా టెన్షనే. పెట్రోల్ పోయించుకునేటప్పుడు కూడా గుండె దడదడలాడేది.

మొదటి నెలంతా ఊహల మీదే పార్టులు మార్చాను. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, రోటర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, చివరికి ఇగ్నిషన్ కాయిల్. జబ్బు అలాగే ఉంది. ఇలాంటి బండ్లతోనే జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన అప్పుడు నాకు ఒకే మాట చెప్పారు: "బాబూ, గేజ్ పెట్టి చూడకుండా ఇంకొక్క పార్టు కూడా మార్చకు. ముందు ఆ బటన్ వైరు ఎక్కడికి పోతోందో చూడు."

చూశాను. గుడ్డ టేపు చుట్టిన సన్నటి వైరు ఇంజిన్ గదిలోకి దూరి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీదున్న కోల్డ్ స్టార్ట్ ఇంజెక్టర్‌కి చేరింది. నాలుగు సిలిండర్లకు ఉన్న నాలుగు ఇంజెక్టర్లు కాక ఇది ఐదోది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే, సెల్ఫ్ కొట్టే కొన్ని సెకన్లు అదనంగా పెట్రోల్ చల్లడం దీని పని. వేడి ఇంజిన్‌లో కూడా దాన్ని బలవంతంగా పనిచేయించేందుకు ఆ బటన్ పెట్టారన్న మాట. అంటే నేను కొన్నది ఒక మాడిఫికేషన్‌ని కాదు, దాచిపెట్టిన జబ్బుని.

ఈ బండిలో ఉన్నది బాష్ వాళ్ల కె-జెట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్. 1973లో మొదలై, పోర్షె 911 నుంచి వోల్వో 240 దాకా ఎన్నో యూరోపియన్ కార్లలో వాడిన పద్ధతి ఇది. పెట్రోల్ కొలిచే పనిలో కంప్యూటర్ లేదు. ఇంజిన్ పీల్చే గాలి ఒక గుండ్రటి పళ్లేన్ని పైకి లేపుతుంది, ఆ పళ్లెం ఒక మీట ద్వారా సన్నటి ప్లంజర్‌ని నెడుతుంది, ప్లంజర్ ఎంత లేస్తే ఇంజెక్టర్లకు అంత పెట్రోల్. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ అవి ఆగకుండా చల్లుతూనే ఉంటాయి. అంతా ప్రెషర్ మీదే నడుస్తుంది కాబట్టి, ప్రెషర్ గేజ్ లేకుండా దీని మీద చెయ్యి వేయడం చీకట్లో వెతకడమే.

గేజ్‌ని, ఆ ప్లంజర్ ఉండే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌కీ, ఇంజిన్ వేడిని బట్టి ప్రెషర్ మార్చే వార్మప్ రెగ్యులేటర్‌కీ మధ్య బిగించాను. బిగించేముందు బ్యాటరీ తీసేసి, మంటలార్పే సిలిండర్ పక్కనే పెట్టుకుని, పైపు జాయింటు చుట్టూ గుడ్డ కప్పి మెల్లగా వదులు చేశాను. అయినా పెట్రోల్ మోచేతి దాకా కారింది. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పని చెయ్యొద్దు. బ్యాటరీ మళ్లీ కలిపి, స్టార్ట్ చేసి చూశాను. గేజ్ వాల్వు మూస్తే సిస్టమ్ ప్రెషర్ 5 బార్ దగ్గర నిలిచింది. వాల్వు తెరిచి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూస్తే ప్లంజర్‌ని పై నుంచి అదిమే కంట్రోల్ ప్రెషర్ 3.6 బార్. రెండూ బాగానే ఉన్నాయి. ఇంజిన్ ఆపి ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆపగానే ముల్లు కొంచెం దిగడం మామూలే, ఇంజెక్టర్లు తెరుచుకునే ప్రెషర్‌కి కాస్త కింద అది నిలబడాలి. నాది నిలబడలేదు. కంటికి కనిపించేంత వేగంగా జారుతూ మూడు నిమిషాల్లో సున్నాకి చేరింది. ప్రెషర్ లేకపోతే వేడి పైపుల్లో పెట్రోల్ ఆవిరైపోతుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజెక్టర్లకు అందేది బుడగలే. నెల రోజుల ప్రశ్నకు జవాబు ఆ మూడు నిమిషాల్లో దొరికింది.

ఇంజిన్ ఆగాక ప్రెషర్‌ని పట్టి ఉంచేది ఫ్యూయల్ అక్యుములేటర్. కారు కింద, వెనక చక్రానికి కాస్త ముందు, పంపు పక్కనే ఉంటుంది. లోపల ఒక స్ప్రింగు, ఒక డయాఫ్రమ్. డయాఫ్రమ్ చిరిగితే వెనక ఉన్న చిన్న గొట్టంలోంచి పెట్రోల్ ట్యాంకుకి తిరిగి పోతుంది. ఆ గొట్టం విప్పి పంపు నడిపిస్తే పెట్రోల్ ధారగా వచ్చింది. ఇక అనుమానం లేదు. తుప్పు పట్టిన నట్లకు మూడు రోజులు పొద్దునా సాయంత్రం తుప్పు వదిలించే నూనె కొట్టి, రెండు స్పానర్లు ఎదురెదురుగా పట్టి విప్పాను. ఒక్క స్పానర్‌తో లాగితే పైపు మెలిపడిపోతుంది. రాగి వాషర్లన్నీ కొత్తవి వేశాను.

ఈసారి ముల్లు నెమ్మదించింది కానీ ఆగలేదు. పావుగంటలో మళ్లీ కిందికే. కాసేపు నిజంగా నీరసం వచ్చింది. మిగిలిన అనుమానం పంపు మూతి దగ్గరుండే, పెట్రోల్‌ని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు. అరచేతిలో ఇమిడిపోయే చిన్న ముక్క. అది మార్చాక అరగంట తర్వాత కూడా ముల్లు 2 పైనే ఉంది. ఆ అరగంటా అక్కడి నుంచి కదల్లేదు నేను.

ఎర్ర బటన్ తీసేసి, వైరు మొత్తం వెనక్కి లాగేశాను. మాడిఫికేషన్లంటే నాకు విరక్తి కలగలేదు. ఎత్తు మాత్రం కొంచెం పెంచాను, ఎందుకంటే ఈ బండిని మరీ దించితే ముందు సస్పెన్షన్ చేతులు చక్రం వైపు పైకి తిరిగిపోతాయి, రోల్ సెంటర్ (బండి ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో అది) కిందికి పడిపోయి మలుపుల్లో ఒరగడం ఇంకా ఎక్కువవుతుంది. ఇప్పుడు చేతులు సమంగా ఉన్నాయి, స్టీరింగ్ హాయిగా ఉంది. క్యామ్‌షాఫ్ట్ సంగతి ఇంకా తేల్చుకోలేదు. వాల్వులు ఎక్కువసేపు కలిసి తెరుచుకుని ఉండే క్యామ్ అది. ఐడిల్‌లో గాలి వెనక్కి తన్నినప్పుడల్లా కొలిచే పళ్లెం వణుకుతుంది, దాంతో ఇంజిన్ కూడా. అయినా 4000 ఆర్‌పీఎమ్ దాటాక అది పాడే తీరు వింటే తీసేయడానికి మనసు రావడం లేదు.

మొన్న రెండు గంటలు నడిపి, ఎండలో ఆపి, సరిగ్గా ఇరవై నిమిషాల తర్వాత తాళం తిప్పాను. మొదటి తిప్పుకే అందుకుంది. బటన్ ఉన్న చోట ప్లాస్టిక్‌లో రూపాయి బిళ్లంత కన్నం మిగిలింది, దాన్ని పూడ్చలేదు. ఇక ఇంజెక్టర్ల చుట్టూ గట్టిపడిపోయిన రబ్బరు సీళ్లు మార్చాలి, అక్కడి నుంచి గాలి దూరుతున్నట్టుంది. గేజ్ ఇంకా పెట్టెలో పెట్టలేదు.